పిల్లికళ్ళు

"కిటికీ ఎవరు తీశారు?" అన్నాడు భర్త, గదిలోకి అడుగు పెడుతూనే.

ఆమె మోకాళ్ళ మీద కూర్చుని పిల్లుల ఇసుక తొట్టి గోకుతోంది. పొద్దున్నే లేవగానే ముందు ఈ తొట్లు, తర్వాత వంట, తర్వాత పాప జడ, తర్వాత బస్సు. ఈ వరసలో తను మొహం కడుక్కోవడం ఎక్కడ పడుతుందో ఆ రోజు అదృష్టాన్ని బట్టి ఉంటుంది. ఇంట్లో గాలీ వెలుతురూ ఉన్న గది ఇదొక్కటే, దాన్ని పిల్లులకిచ్చారు. పాప హాల్లో నానమ్మ పక్కన పడుకుంటుంది. "పిల్లులకి చలి పడదు" అని ఆయన అన్నప్పుడు "మరి పాపకి?" అని అడగబోయి ఊరుకుంది. అడిగితే "ప్రతిదానికీ పోటీ ఏంటి నీకు?" అంటాడు. పిల్లులతో పోటీ పడే గతికి వచ్చానా అని తనకే సిగ్గేసి నోరు మూసుకుంది.

"ఏ కిటికీ?" అంది తలెత్తకుండా.

"ఇదే. రెండున్నర నెలల కింద, తల్లి ఎదకొచ్చిన రోజుల్లో. గాలాడాలని నువ్వే కదా తీస్తుంటావు?"

అదీ సంగతి. పెద్ద పిల్లి పిల్లలు పెట్టి కొన్నాళ్ళయింది. నాలుగు పిల్లలూ కళ్ళు తెరిచాయి. మూడింటికి ఒంటి నిండా మచ్చలు, అచ్చం చిరుత కూనలే. నాలుగోది మాత్రం నల్లగా, కుండ అడుగు మసి లాగా పుట్టింది. మచ్చ లేదు, చార లేదు. పాప దానికి అప్పుడే మసిగాడు అని పేరు పెట్టేసింది. భర్త మసిగాణ్ణి అరచేతిలో పడుకోబెట్టి, కిటికీ వెలుతురుకి పట్టి, చెవులు తిప్పి, తోక లాగి, పొట్ట తిరగేసి చూస్తున్నాడు.

ఆయన పెంచేవి మామూలు పిల్లులు కావు మరి. ఎన్నో తరాల కింద అడవిలో తిరిగే చిరుతపిల్లినీ ఇంట్లో పెరిగే పిల్లినీ కలిపితే వచ్చిన జాతి. ఉద్యోగం మానేసి మరీ ఈ పని పెట్టుకున్నాడు. "ఒళ్ళు చిరుతది, బుద్ధి మనింటి పిల్లిది" అని మొదలుపెడతాడు, కొనడానికి ఎవరొచ్చినా. ఒళ్ళు పొడుగ్గా కండపట్టి ఉండాలట. వెనక కాళ్ళు ముందు కాళ్ళకన్నా కాస్త ఎత్తుగా ఉండాలి, నడిస్తే దేనికోసమో పొంచినట్టు కనిపించాలి. చెవులు చిన్నవి, కొసలు గుండ్రం, వెనకవైపు తెల్ల మచ్చ ఉంటే మరీ మంచిది. ఒంటి మచ్చలు ఉత్త చుక్కలైతే పనికిరావు, నల్ల అంచు ఉండి లోపల తేనె రంగు తేలాలి. పొట్ట మీద కూడా మచ్చలుండాలి. తోక లావు, కొస నలుపు. ఎండ పడితే బొచ్చు మీద బంగారు పొడి చల్లినట్టు తళుక్కుమనాలి. కళ్ళు ఆకుపచ్చో, పసుపు పచ్చో, ఎంత లేత రంగైతే అంత గొప్ప. వచ్చినవాళ్ళు నోరెళ్ళబెట్టి వింటారు. వీధిలో ఆయన్ని పిల్లుల సారు అంటారు. తొట్లు గోకేది, కూనలకి సీసాతో పాలు పట్టేది, జబ్బు చేస్తే ఒళ్ళో పెట్టుకు కూర్చునేది ఎవరో ఎవరూ అడగలేదు. ఆమె వెనకనుంచి కాఫీ కప్పులు పట్టుకొస్తుంది. "మా ఆవిడ" అంటాడు, కప్పు అందుకుంటూ.

"నేను తియ్యలేదు. ఆ రోజుల్లో మేకు కొట్టి ఉంచారు మీరే" అంది.

"మరి ఇదెలా పుట్టింది?"

అత్తగారు గుమ్మంలో నిలబడి వింటోంది. ఆవిడకి ఏ మాటైనా గుమ్మంలో నిలబడి వినడం అలవాటు. "తల్లి ఎక్కడ తిరిగొచ్చిందో ఎవరు చూశార్రా? ఆడదాని సంగతి ఆడదానికే తెలియాలి" అంది.

సరిగ్గా అప్పుడే పాప సగం వేసిన జడతో పరిగెత్తుకొచ్చి, మసిగాణ్ణి చూపించమని తండ్రి చెయ్యి పట్టుకు వేలాడింది. ఆయన కూన మీంచి చూపు తిప్పి పాపని చూశాడు. నుదురు చూశాడు. చెవులు చూశాడు. చివరికి కళ్ళ దగ్గర ఆగాడు. పాపవి పిల్లికళ్ళు. లేత తేనె రంగులో ఉంటాయి, ఎండలో ఇంకా పలచబడతాయి. ఆయన చూపు అక్కడ ఆగి, అక్కడే ఉండిపోయింది. ఆమె ఇసుక గోకే గరిట లాంటి పార చేతిలో పట్టుకుని అలాగే ఉండిపోయింది. ఎందుకంటే ఆ చూపు ఆమెకి తెలుసు. ఇంతకు ముందే, అరనిమిషం కింద, దాన్ని మసిగాడి మీద చూసింది.

నన్ను అనుమానిస్తున్నాడు, అనుకుంది. అనుకోగానే ఛీ అనుకుంది. అనుకున్నది మాత్రం పోలేదు.

పాప పుట్టిన రోజు నుంచీ ఇంటికొచ్చిన ప్రతివాళ్ళూ పోలికలు వెతికినవాళ్ళే. ముక్కు నాన్నది, గడ్డం నానమ్మది, నడక మేనత్తది. మంచివన్నీ పంచుకోగా మిగిలిన మొండితనం తల్లి వాటాకి వచ్చింది. కళ్ళ దగ్గరికి వచ్చేసరికి అందరూ ఒకటే మాట, "ఈ పిల్లికళ్ళు ఎవరివే?" అని. అత్తగారు "మా వైపు ఏడు ఇళ్ళు వెతికినా లేవు" అనేది, నవ్వుతూనే. ఆడపడుచు "వదినా, ఆ రోజుల్లో ఎవర్ని చూశావేంటి?" అని వేళాకోళమాడింది. అందరూ నవ్వారు, ఆమె కూడా నవ్వింది. పురిటి మంచం మీద పడుకుని, కుట్లు లాగుతుంటే, పొట్ట పట్టుకుని మరీ నవ్వింది. ఇప్పుడు ఆ నవ్వు గుర్తొస్తే ఒళ్ళు మండుతోంది. నవ్వుతూ అన్నమాటని ఎవరూ తిరిగి తీసుకోరు. అది ఇంట్లో ఓ మూల అలా పడి ఉంటుంది, అవసరమొచ్చినప్పుడు తీసి వాడుకుంటారు. ఏడేళ్ళు తీయని మాటని ఇప్పుడెందుకు తీశారు? ఒక నల్ల కూన పుట్టినందుకా?

రెండు రోజుల తర్వాత ఆయన పెద్ద పిల్లికి దువ్వెన పెడుతూ, దువ్వెన మీంచి చూపు తీయకుండా అడిగాడు.

"మీ ఆఫీసు వ్యాను డ్రైవరు ఇంకా ఉన్నాడా?"

"ఉన్నాడు. ఎందుకు?"

"ఊరికే. అప్పట్లో నిన్ను ఇంటి దాకా దింపేవాడు కదా."

దింపేవాడట! ఒకే ఒక్కసారి. కుండపోత వాన, ఆమెకి నెలలు నిండుతున్నాయి. "వ్యానులో కూచోమ్మా" అని పెద్దాయన ఇంటి ముందు దింపి వెళ్ళాడు. ఆ రోజు రాలేనని ఫోను చేసింది ఈ మొగుడే.

ఆమె పని చేసేది పార్సిళ్ళు పంపే ఆఫీసులో. కౌంటరు దగ్గర కూర్చుని కవర్లు తూచి, చిరునామా చీటీలు అంటించి, ముద్ర కొడుతుంది. మేనేజరు రోజుకోసారైనా "నీకేంటమ్మా, ఇంట్లో పులుల్ని పెంచుతున్నారు, కాలక్షేపానికి వస్తున్నావు" అంటాడు. ఆ కాలక్షేపం జీతంతోనే ఆ పులులకి మాంసం వస్తుందని చెప్పడం మర్యాద కాదని ఊరుకుంటుంది. మర్నాడు డ్రైవరు మూటలు దింపుతుంటే ఆమె తెలియకుండానే ఆయన కళ్ళలోకి చూసింది. కింద నుంచి, పక్క నుంచి, వెలుతురు పడేలా చూసింది.

"ఏంటమ్మా, నా కంట్లో ఏమన్నా పడిందా?" అన్నాడాయన రెప్పలు ఆర్పుతూ.

నల్లటి కళ్ళు. బొగ్గులాంటివి. హమ్మయ్య అనుకుంది. అనుకున్న మరుక్షణం తల కొట్టేసినట్టయింది. దేనికి హమ్మయ్య? ఆయనవి తేనె రంగు కళ్ళయి ఉంటే మాత్రం ఏమయ్యేది? తన సంగతి తనకి తెలియదా? ఆయన అనుమానం పట్టుకుని తనే తన మీద సాక్ష్యం వెతుక్కుంటోంది! అంతటితో ఆగిందా అంటే, లేదు. మధ్యాహ్నం మెట్ల మీద నిలబడి అమ్మకి ఫోను చేసింది.

"అమ్మా, మన వైపు ఎవరికైనా పిల్లికళ్ళు ఉన్నాయా?"

"ఎందుకే? ఏమన్నా అన్నాడా?"

"అనలేదు. ఊరికే అడుగుతున్నా."

"ఊరికే ఎవరూ అడగరు. మీ నాన్న మేనత్తకి ఉండేవని అంటారు. నేను చూళ్ళేదు, ఫోటో లేదు. చూడవే, మగాళ్ళకి ఒక్కోసారి పురుగు తొలుస్తుంది. అదే పోతుంది. నువ్వు మాత్రం నోరు జారకు. వాళ్ళు అనకముందే నువ్వు ఎత్తావనుకో, ఏదో ఉండబట్టే ఎత్తావంటారు."

అమ్మ చెప్పింది అబద్ధమేం కాదు. అందుకే ఏడుపొచ్చింది.

ఆ తర్వాత ఆమె ఇంట్లో అన్నింటినీ చూడ్డం మొదలుపెట్టింది. తల్లీ కొడుకూ మాట్లాడుకుంటూ తను రాగానే ఆపారా, లేక మాట నిజంగానే అయిపోయిందా? పాత ఫోటోల పెట్టె అటక మీంచి ఎందుకు దిగింది? పాపని వాకిట్లో ఎండకి నిలబెట్టి ఫోటో ఎందుకు తీశాడు? "ముచ్చటేసి" అన్నాడు. ఏడేళ్ళలో ఎప్పుడూ వెయ్యని ముచ్చట! భుజం మీద చెయ్యి వేస్తే, ఈ చెయ్యి దేనికి వేశాడా అని ఆలోచించింది. చెయ్యి వెయ్యకపోతే, ఎందుకు వెయ్యలేదా అని ఆలోచించింది. వెర్రెక్కుతోందా నాకు అనుకుంది. కానీ వెర్రి ఎక్కించేవాళ్ళు ఎదురుగా కూర్చుని హాయిగా పేపరు చదువుతున్నారు.

ఈలోగా మసిగాడి వ్యవహారం ముదిరింది. ఈ జాతి కూనలకి నెల దాటాక ఒంటి మీద బూడిద రంగు నూగు కమ్ముతుంది. మచ్చలు మసకబారి, మూడు నాలుగు నెలలకి గానీ మళ్ళీ బయటపడవు. "నూగు కమ్మే లోపే జాతి తేలాలి, లేకపోతే మిగతా మూడింటినీ ఎవరూ నమ్మరు" అని ఆయన పరీక్ష కేంద్రానికి రాశాడు. ఇవాళా రేపూ దానికి పెద్ద హంగామా ఏం లేదు. చివర దూది చుట్టిన పొడుగాటి పుల్లతో బుగ్గ లోపల నాలుగుసార్లు తిప్పి, ఆరబెట్టి కవర్లో పెట్టి పంపడమే. తల్లి ఎవరో తండ్రి ఎవరో వాళ్ళు తేల్చి చెబుతారు. ఒక్కో పిల్లినీ ఆమె ఒళ్ళో గట్టిగా పట్టుకుంది, ఆయన పుల్ల తిప్పాడు. గోళ్ళ గాట్లు ఆమెకి, "చూశావా ఎంత ఒడుపుగా చేశానో" అనే మాట ఆయనకి.

పొద్దున కవర్లు ఆమె సంచిలో పెట్టాడు. "మీ ఆఫీసు నుంచే పంపెయ్. నీకు తగ్గింపు ఉంది కదా."

రెండు కవర్లున్నాయి. చిరునామాలు వేరు.

"రెండోది ఎక్కడికి?"

"ఇంకో కేంద్రం. ఒకళ్ళ మాట మీదే ఎలా నమ్ముతాం?"

సబబుగానే ఉందనిపించింది. కౌంటరు దగ్గర రెండింటినీ తనే తూచింది. తనే చీటీలు అంటించింది. నలగకుండా చూడండి అని డ్రైవరుకి మరీ మరీ చెప్పింది.

పిల్లుల ఫలితం త్వరగానే వచ్చింది. మసిగాడు ఇంటి బిడ్డే. గదిలో పెట్టిన మగ పిల్లే తండ్రి, సందేహం లేదు. భర్త మొహం వెలిగిపోయింది. తిన్నగా గదిలోకి వెళ్ళి పెద్ద పిల్లిని ఎత్తుకుని, దాని నుదురుకి నుదురు ఆనించి, "సారీ రా బంగారం! నీ మీద లేనిపోని నింద వేశాను. ఏమీ అనుకోకు" అన్నాడు. పిల్లి ఏమీ అనుకోలేదు. గుమ్మంలో చీపురు పట్టుకుని నిలబడ్డ ఆమె అనుకుంది. పెళ్ళయిన ఇన్నేళ్ళలో సారీ అన్న మాట ఆయన నోట వినడం అదే మొదలు.

ఆ వారంలోనే ఒకాయన కూనల్ని చూడ్డానికి వచ్చి "ఇదేంటండీ, ఇది తేడాగా ఉంది?" అని మసిగాణ్ణి చూపించాడు.

"దాగి ఉన్న గుణమండీ అది" అన్నాడు భర్త, కుర్చీ దగ్గరికి లాక్కుంటూ. "ఎన్ని తరాల వెనకదో చెప్పలేం. తల్లిలోనూ దాక్కుని ఉంటుంది, తండ్రిలోనూ దాక్కుని ఉంటుంది. పైకి కనపడదు. రెండూ ఒకచోట కలిసినప్పుడు పిల్లలో తన్నుకుని బయటికొస్తుంది. తెలియనివాళ్ళు తల్లిని అనుమానిస్తారు. పాపం, తల్లిది తప్పేం లేదు."

తెలుసు ఈయనకి. అంతా తెలుసు. పక్కవాళ్ళకి విడమరిచి చెప్పేటంతగా తెలుసు. ఆమెకి ఒక్కసారిగా ప్రాణం తేలికపడింది కూడా. పిల్లి విషయంలో తెలిసినవాడు కూతురి విషయంలో ఆలోచించుకోడా? ఇన్నాళ్ళూ నేనే లేనిది ఊహించుకుని కుమిలిపోయాను కాబోలు అనుకుని, ఆ రోజు ఆయనకి కాఫీ రెండోసారి అడగకుండానే ఇచ్చింది.

ఆదివారం పాపకి తలంటి, వాకిట్లో మెట్టు మీద కూర్చోబెట్టుకుని చిక్కు తీస్తోంది. మసిగాడు పాప ఒళ్ళో ఉన్నాడు.

"అమ్మా, మసిగాడి జాతి తేలిపోయిందట కదా?"

"ఆఁ, తేలింది. కదలకు."

"మరి నాదెప్పుడు తేలుతుంది?"

దువ్వెన జుట్టులోనే ఆగిపోయింది.

"నీదేంటి?"

"నాన్న నా బుగ్గలో కూడా పుల్ల తిప్పారుగా. కితకితలొచ్చాయి. నాన్న బుగ్గలో నన్నే తిప్పమన్నారు. నానమ్మ నా తల పట్టుకుంది. అమ్మకి చెప్పకు, మన రహస్యం అన్నారు." పాప అంతలోనే నాలిక్కరుచుకుంది. "అయ్యో, చెప్పేశా!"

రెండో కవరు. తన చేతులతో తూచిన కవరు. నలగకుండా చూడమని చెప్పిన కవరు. దువ్వెన తీసి మెట్టు మీద పెట్టింది. అనుమానించినందుకు కాదు అంత నొప్పి. అనుమానం పదిమందికీ వస్తుంది, ఆమెకి మాత్రం ఈ వారాల్లో రాలేదా? ఆ కవరు తన సంచిలోనే పెట్టి, తన తగ్గింపు ధరకే పంపించుకున్నాడు చూడు, అక్కడ విరిగింది మనసు. పాప తలని నానమ్మ పట్టుకుందట. తను పిల్లిని పట్టుకున్నట్టే.

"అమ్మా, నాది కూడా మంచి జాతే వస్తుందా?" అంది పాప, లేత తేనె కళ్ళు పైకెత్తి.

"నీకు జాతి లేదు. నువ్వు మనిషివి" అని, జడ పూర్తిగా అల్లి, రిబ్బను కట్టి, పాపని పక్కింటికి ఆడుకోడానికి పంపించి లోపలికి వెళ్ళింది.

ఆయన హాల్లో కూనల ఫోటోలు చూసుకుంటున్నాడు. అత్తగారు పక్కనే బటాణీలు ఒలుస్తోంది.

"రెండో కవరు ఫలితం ఎప్పుడొస్తుంది?" అంది ఆమె.

ఇద్దరి చేతులూ ఆగాయి. ఆయన తల్లి వంక చూశాడు. ముందు తేరుకున్నది ఆవిడే.

"నేనే చెప్పానమ్మా తేల్చుకోమని. నీ మంచికే! ఒకసారి తేలిపోతే అందరి నోళ్ళూ మూతపడతాయి."

"ఎవరి నోళ్ళు అత్తయ్యా? ఈ ఇంట్లో ఉన్నవి మీ ఇద్దరివే."

"అరవకు" అన్నాడు భర్త. ఆమె అరవలేదు. "నాకేమన్నా సరదానా? ఏడేళ్ళ నుంచి నలుగుతున్నాను లోపల. నిన్నో మాట అన్నానా? చెయ్యి చేసుకున్నానా? మంచిగా, ఎవరికీ తెలియకుండా, నీ పరువు పోకుండా చేశాను. ఇంకో నాలుగు రోజుల్లో వచ్చేస్తుంది. అది సరిగ్గా వచ్చిందనుకో, ఇక జన్మలో ఈ ఊసు ఎత్తను. నీ కాళ్ళు పట్టుకోమన్నా పట్టుకుంటాను."

పట్టుకుంటాడు, ఆమెకి తెలుసు. మొహం వెలిగిపోతుంది. నుదురుకి నుదురు ఆనించి, సారీ రా బంగారం అంటాడు. ఏమీ అనుకోకు అంటాడు. తను ఏమీ అనుకోకుండా లేచి వెళ్ళి తొట్లు గోకాలి. ఆ ఫలితం ఏమొస్తుందో లోకంలో ఆమె ఒక్కదానికే ముందే తెలుసు. ఆగితే చాలు, గెలుస్తుంది. అమ్మకి చెప్పినా అదే అంటుంది, నాలుగు రోజులు ఓపిక పట్టవే, తలెత్తుకుని తిరగొచ్చు అని. కానీ ఆ గెలుపు ఏపాటిది? ఎవరో ముక్కూ మొహం తెలియనివాళ్ళు దూది చూసి ఈమె మంచిదే అని రాసిస్తే, అప్పుడు ఈయన తనని నమ్ముతాడు. తనని కాదు, ఆ దూదిని.

"నాలుగు రోజులు వద్దు" అంది. "ఇవాళే వెళ్ళండి. మీ చెల్లెలింట్లో మేడ మీద గదులు ఖాళీయే కదా. అత్తయ్యనీ, పిల్లుల్నీ తీసుకెళ్ళండి. ఈ ఇల్లు నా జీతం చూసి నా పేరున అద్దెకిచ్చారు, నేనూ పాపా ఉంటాం. పాపని చూడాలనిపిస్తే ఫోను చేసి రండి."

"మతి పోయిందా నీకు?" ఆయన లేచి నిలబడ్డాడు. "ఇప్పుడు, ఫలితం రాకముందు, నన్ను పొమ్మంటే లోకం ఏమనుకుంటుంది? తప్పు చేసింది, బయటపడేలోగా తరిమేసింది అనుకోదూ?"

"అనుకుంటుంది."

"తర్వాత కాగితం వచ్చినా ఆ మచ్చ పోదు."

"పోదు. ఆలోచించుకునే చెబుతున్నాను. అది వచ్చాక మిమ్మల్ని పొమ్మంటే, అందులో నెగ్గి పొమ్మన్నట్టవుతుంది. నేను ఏ పరీక్షకీ కూర్చోలేదు, నెగ్గడానికి."

అత్తగారు "ఓరి నాయనో" అంటూ బటాణీల పళ్ళెం పక్కకి నెట్టింది. గదిలో పిల్లి తలుపు గీరుతోంది, దానికి పాల వేళ అయింది. ఎవరూ కదల్లేదు. ఆమె కూడా కదల్లేదు, మొదటిసారి.

ఆయన గొంతు తగ్గించాడు. దగ్గరికి వచ్చాడు. ఏడుపు మొహంతో, కొంచెం వంగి, ఏడేళ్ళూ అడగని మాట అప్పుడు అడిగాడు.

"సరే. ఆ పరీక్షా వద్దు, ఏం వద్దు. నువ్వు చెప్పు చాలు, నమ్ముతాను. ఒక్క మాట. పాప నా కూతురేనా?"

ఏడేళ్ళలో ఏ రోజు అడిగినా చెప్పేది. కోపంగానో ఏడుస్తూనో, చెప్పేది. ఆయన కళ్ళు నల్లగా, తడిగా, ఆమె మొహం మీదే ఉన్నాయి.

"పాప నా కూతురు" అంది ఆమె, వీధి తలుపు బార్లా తీస్తూ.